నిలబడి వినాల్సిన వార్త

"నాకెందుకు చెప్పలేదు?" అని అత్తిపత్తి అడగడం ఇది మూడోసారి.

నోట్లో బ్రష్షు అలాగే ఉంది. నురుగు గడ్డం మీదికి జారుతోంది. ముందుగది గుమ్మంలో నిలబడి లోపలికి రానూ రాదు, బయటికి పోనూ పోదు.

అమ్మ తలెత్తకుండా కుట్టుమిషను తొక్కుతోంది. గడగడా తొక్కుతోంది గాని, సూది కింద గుడ్డ లేదన్న సంగతి ఆవిడ ఇంకా గమనించలేదు. బాబాయి సోఫాలో పేపరు వెనక దాక్కున్నాడు.

"చెబుదామనే అనుకున్నాం," అంది అమ్మ చివరికి. "ఇవాళ పొద్దున నీ మాత్ర అయ్యాక చెబుదామనుకున్నాం."

"పరీక్ష ఇవాళ పదకొండింటికమ్మా."

"అందుకేగా పొద్దున అనుకున్నది."

పేపరు వెనకనుంచి ఓ చిన్న దగ్గు వినిపించింది. గుట్టు రట్టు చేసిన ఘనుడు ఆయనే. సెలూన్ నడిపే మనిషికి నోరు ఎక్కడ ఊరుకుంటుంది? లేవగానే, "మ్యూజియం పెద్దల ముందు ఆ చింపిరి జుట్టుతోనే కూర్చుంటావా? రా, కొసలు కత్తిరిస్తాను," అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు. అప్పటికే అత్తిపత్తి బ్రష్షు ఆగిపోయింది.

జరిగింది ఇదీ. గురు, శుక్రవారాల్లో అత్తిపత్తికి మ్యూజియంలో పని ఉండదు. గురువారం మధ్యాహ్నం ఆమె డాక్టరు రాసిచ్చిన నిద్రలో ఉండగా ఫోను మోగింది. మ్యూజియం మేడమ్. పగిలిన కుండలూ బొమ్మలూ అతికించే గదికి పెద్ద ఆవిడే. అతుకుల పనికి జీతమున్న ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందనీ, ఆ గదిలో జీతం లేకుండా పనిచేస్తున్న ఇద్దరిలో ఒకరిని తీసుకుంటారనీ, శనివారం పరీక్షనీ, శుక్రవారం వచ్చి ఎవరికి కావలసిన కుండ వాళ్ళు ఎంచుకోవాలనీ చెప్పింది. అమ్మ అంతా విని, "అలాగేనండీ, చాలా సంతోషం," అని పెట్టేసింది.

పెట్టేశాక ఇంట్లో సమావేశం జరిగింది. ఇంత పెద్ద వార్త ఒక్కసారిగా చెబితే పిల్ల ఏమైపోవాలి? మూడు విడతలుగా చెప్పాలని తీర్మానం. మొదటి విడత గురువారం రాత్రి: "మీ మేడమ్ ఫోన్ చేసింది. ఊరికే, ఎలా ఉన్నావని." రెండో విడత శుక్రవారం: "మ్యూజియంలో ఏదో ఖాళీ ఉందట. ఎవరికో." మూడోది ఇవాళ.

ఇది విని నవ్వుకునేవాళ్ళు ఆమె జబ్బు సంగతి తెలియనివాళ్ళు. డాక్టరు చెప్పిన పేరు పలకబోతే నాలుక మడతపడుతుంది. బాబాయి పెట్టిన పేరు తేలిక. ముట్టుకుంటే ముడుచుకునే మొక్క అత్తిపత్తి. ఈ పిల్లని ముట్టుకోనక్కర్లేదు, నవ్విస్తే చాలు. నవ్వొచ్చినా, పట్టరాని సంతోషమొచ్చినా మోకాళ్ళు మడుచుకుపోతాయి, దవడ జారిపోతుంది, చేతిలో ఉన్నది కింద పడుతుంది. స్పృహ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. పక్కన ఎవరేమన్నా వినిపిస్తుంది. బదులు చెప్పడానికే నోరు రాదు. ఓ నిమిషానికి అన్నీ తిరిగి చేతికొస్తాయి. ఇది చాలదన్నట్టు పగటిపూట చెప్పాపెట్టకుండా నిద్ర ముంచుకొస్తుంది.

ఏడిస్తే ఏమీ కాదు. కోప్పడితే అసలే కాదు. అందుకని ఆ ఇంట్లో పోట్లాటకున్న స్వేచ్ఛ నవ్వుకి లేదు. వీధి వీధంతా బాబాయి సెలూన్‌కి జుట్టు పెరక్కపోయినా వెళ్ళేది ఆయన కబుర్ల కోసం. అలాంటి మనిషి ఇంట్లో పిల్ల ఎదురుగా మూతికి తాళం వేసుకుని కూర్చుంటాడు.

"మూడు విడతలు," అంది అత్తిపత్తి. "నేనేమన్నా సీరియలా, విడతలుగా చెప్పడానికి?"

బాబాయి పేపరు వణికింది. నవ్వాపుకుంటున్నాడు.

"నువ్వు మాట్లాడకు బాబాయ్."

"నేనెక్కడ మాట్లాడానే. రెండు రోజుల్నుంచి మాట్లాడకుండా ఉండడమేగా నేను చేసిన తప్పు."

అమ్మ మిషను ఆపింది. ఆవిడ లేచి వచ్చి కూతురి కనుబొమ మీద వేలు పెట్టింది. అక్కడ పాత కుట్ల మచ్చ ఉంది.

"ఇది ఎలా వచ్చిందో చెప్పు."

"అమ్మా, ఇప్పుడెందుకు?"

"డిగ్రీ పాసయ్యావని మెట్ల మీద ఉండగా కేకేసి చెప్పింది ఎవరు? నేను. పదిమెట్లు దొర్లింది ఎవరు? నువ్వు. ఆ రక్తం కడిగిన చేతులు ఇవి. మళ్ళీ నా నోటితో నేను కేకేసి చెబుతానా?"

జవాబు లేనప్పుడు అత్తిపత్తికి కోపం రెట్టింపవుతుంది.

"నానమ్మ పోయిన రోజు నేను చెప్పులు విప్పుతున్నాను. గుమ్మంలో నిలబెట్టే చెప్పారు. ఓ కొట్టులో చేస్తున్న ఉద్యోగం పోయినప్పుడూ నిలబెట్టే చెప్పారు. ఏడుపు వార్తలన్నీ నిలబడి వినాలి. మంచి వార్తయితే ముందు కుర్చీ వస్తుంది. కుర్చీ తర్వాత దిండు వస్తుంది. దిండు తర్వాత మంచినీళ్ళు. అసలు సంగతొచ్చేసరికి అది పాచిపోతుంది. మంచి మాట ఒక్కటి అందరిలా నిలబడి వినాలని నాకుండదా?"

అమ్మ ఆమె గడ్డం మీది నురుగు కొంగుతో తుడిచింది.

"ఏడాదిన్నర అమ్మా. జబ్బు పేరు చెప్పిన చోట ఉద్యోగం ఇవ్వలేదు. చెప్పని చోట బల్ల మీద నిద్రపోయి పోగొట్టుకున్నాను. జీతం వద్దు, పని నేర్పండి చాలు అని వెళ్ళి నిలబడితే రానిచ్చింది ఆ గది ఒక్కటే. మీరంతా అది కాలక్షేపం అనుకున్నారు. నాకది వృత్తి. నిన్న ఆ రెండో అబ్బాయి మంచి కుండ ఎంచుకుని ఉంటాడు. మిగిలిపోయింది నాకు."

ఇంతలో వీధిలో స్కూటరు మోగింది.

నాన్న. లిఫ్టుల మెకానిక్కు. పైకీ కిందికీ తప్ప లోకంలో ఇంకో మాట అక్కర్లేదన్నట్టు బతికే మనిషి. పోట్లాట జరుగుతుండగానే చొక్కా మార్చుకుని, బండి బయటికి తీసి, హారను రెండుసార్లు కొట్టాడు. అది ఆయన ఉపన్యాసం.

అత్తిపత్తి నోరు కడుక్కుని, చేతికందిన బట్టలు వేసుకుని పరిగెత్తింది. బండెక్కి కూర్చోగానే వెనకనుంచి అమ్మ వచ్చింది. చేతిలో వెడల్పాటి బెల్టు. దారిలో నిద్ర ముంచుకొస్తే పడిపోకుండా తండ్రికీ కూతురికీ కలిపి కట్టడానికి ఆవిడే రెండు వరసల కుట్టు వేసి కుట్టింది. మాట్లాడకుండా ఇద్దరి నడుముల చుట్టూ తిప్పి బిగించింది. బిగించి, లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది.

"పడితే ఆ పెంకులు పడనీ," అంది. "నువ్వు పడకు."

ఇంకో మాట అనుంటే ఇద్దరూ ఏడ్చేవాళ్ళు.

దారి పొడవునా అత్తిపత్తికి ఉండబట్టలేదు. నిజం చెప్పాలంటే కోపం వీధి మలుపులోనే జారిపోయింది. ఆ తర్వాత మిగిలింది సంబరం. ఎంత అణుచుకున్నా పొంగుతున్న సంబరం. ఉద్యోగం. అతుకుల గదిలో తన పేరున ఓ బల్ల. పెదవులు వదులవుతుంటే వెంటనే పదమూడో ఎక్కం ఎత్తుకుంది. పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. అది ఆమె మందు. ఏడాదిన్నరగా ఆ గదిలో ముక్కకి ముక్క అతికినప్పుడల్లా పొంగుకొచ్చే ఆనందాన్ని ఆ ఎక్కంతోనే తొక్కిపట్టింది. అందుకే ఆమె జబ్బు అక్కడ ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం కాసేపు పడుకోవాలని మాత్రం తెలుసు.

అతుకుల గదిలో మేడమ్ ఎదురొచ్చింది.

"నిన్న రాలేదేం? మీ అమ్మగారికి అంతా చెప్పానే."

"మా ఇంట్లో వార్తలు కాస్త నెమ్మదిగా అందుతాయండి."

మేడమ్ ఆమె మొహంలోకి చూసింది గాని ఇంకేమీ అడగలేదు. మూల బల్ల మీదున్న చెక్క పెట్టె చూపించింది. "అదొక్కటే మిగిలింది. ఏమీ అనుకోకు. అతికించాలని ఇంతకుముందు ఇద్దరు చూసి వదిలేశారు."

పక్క బల్ల దగ్గర రెండో అభ్యర్థి కూర్చున్నాడు. అందరూ కళ్ళజోడు అని పిలుస్తారు. అతని ముందు అందమైన గిన్నె తాలూకు ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. అత్తిపత్తి పెట్టె వైపు చూసి జాలిపడ్డాడు. ఆ జాలి నిజమైనదే, మంచి కుర్రాడు.

గోడ పక్కన ముగ్గురు కూర్చున్నారు: మేడమ్, మ్యూజియం డైరెక్టరు, బయటనుంచి వచ్చిన ఓ ప్రొఫెసరుగారు. జిగురు వాడకూడదు. ముక్కల్ని ఇసుక పళ్ళెంలో ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాలి. ఏ ముక్క ఎక్కడిదో, ఎందుకో చెప్పాలి. అంతే పరీక్ష.

అత్తిపత్తి మోచేతులు రెండూ బల్లకి ఆనించింది. చేతులు ఇసుకకి బెత్తెడు ఎత్తులో ఉంచింది. పెట్టె తెరిచింది.

పెద్ద బాన తాలూకు పెంకులు. అంచు ముక్కలు దొరికాయి. అడుగు దొరికింది. మధ్యలో పొట్ట భాగమే కుదరడం లేదు. ఒక ముక్క పెడితే రెండోది దాని పక్కన కూర్చోదు. వంపు తేడా. మందం తేడా. ఇంతకుముందు వదిలేసిన ఇద్దరికీ ఇక్కడే విసుగొచ్చి ఉంటుంది. ప్రొఫెసరుగారు అప్పటికే కళ్ళజోడు బల్ల వైపు తిరిగిపోయారు.

ఆమె కుదరని ముక్కల్ని ఒక్కచోట చేర్చింది. తిప్పి చూసింది. వాటి బయటివైపు తెల్లటి పొర అంటి ఉంది, సున్నంలా. బాన పెంకు ఒకటి తీసి లోపలివైపు చూసింది. అదే పొర. అదే తెలుపు.

బాన లోపల నీళ్ళు నిలిచి పేరుకున్న పొర, ఈ చిన్న ముక్కలకి బయట ఎందుకుంది?

లోపల ఉన్నాయి కాబట్టి. ఇవి బానవి కావు. బాన లోపల ఇంకో చిన్న కుండ ఉంది. రెండూ కలిసి పగిలాయి. ఇంతకుముందు చూసిన ఇద్దరూ ఒకటే బాన అనుకుని తంటాలు పడ్డారు.

చిన్నవాటిని పక్కకి తీసేసరికి పెద్దవి వాటంతటవే చోటు చూసుకున్నాయి. ఒకటి. దాని పక్కన ఒకటి. ఆ పైన ఇంకొకటి. పదమూడు మూళ్ళు ముప్ఫై తొమ్మిది. ఎన్ని వేల ఏళ్ళ కిందటో ఎవరో ఒకావిడ బానలో చెయ్యి పెట్టి ఆ చిన్న కుండతో నీళ్ళు ముంచుకుని ఉంటుంది, కుండని లోపలే వదిలేసి వెళ్ళి ఉంటుంది. అత్తిపత్తికి ఆవిడ చెయ్యి కనిపించింది. పదమూడు నాలుగులు. పదమూడు నాలుగులు ఎంత?

ఎంతో గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలనీ అనిపించలేదు. చేతిలో ఉన్న ఆఖరి ముక్కని బాన పొట్ట మీదికి తెచ్చింది, అది వెళ్ళి టక్కున కూర్చోబోయింది, అప్పుడు సంతోషం ఆమెని నిలువునా ముంచేసింది.

వేళ్ళు విడిపోయాయి. ముక్క ఇసుకలో పడింది. తల బల్ల మీదికి వాలిపోయింది, దవడ జారింది.

"ఏమైంది? నిద్రపోయిందా?" డైరెక్టరు గొంతు.

"టెన్షన్ అండీ, నీళ్ళు తెస్తాను," కళ్ళజోడు గొంతు. కుర్చీ జరిగిన చప్పుడు.

"పాపం," అన్నారు ప్రొఫెసరుగారు. "కానీ ఇలాంటి పనికి ఇలాంటివాళ్ళు పనికిరారు. చేతిలో ఉన్నది వేల ఏళ్ళనాటిది."

అత్తిపత్తి అన్నీ వింది. చెంప కింద బల్ల చల్లగా ఉంది. కంటికి దగ్గరగా ఇసుక, ఇసుకలో ఆ ముక్క. బీటైనా లేదు. ఎప్పుడూ ఈ నిమిషంలో ఆమెకి సిగ్గేసేది. ఇవాళ వెయ్యలేదు. కనిపెట్టింది తనే కదా అన్న ఆనందం అంతా నిండి, సిగ్గుకి చోటే మిగల్లేదు.

మెల్లగా మెడ నిలబడింది. నాలుక కదిలింది. అందరూ చుట్టూ ఉన్నారు.

"నిద్రపోలేదండి," అంది. "సంతోషమొచ్చింది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె అప్పుడు చెప్పింది, దాచుకోకుండా, తడబడకుండా. జబ్బు పేరు చెప్పింది. నవ్వితే ఏమవుతుందో, సంతోషపడితే ఏమవుతుందో చెప్పింది. "స్పృహ పోదండి. మీరన్నవన్నీ విన్నాను," అంది. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు.

"ఈ ముక్క చూడండి. పగల్లేదు. బెత్తెడు ఎత్తునుంచి ఇసుకలో పడితే ఏదీ పగలదు. నా చేతుల్ని నేను నమ్మలేను కాబట్టే మొదటి రోజునుంచీ మోచేతులు ఆనించే పని చేస్తున్నాను."

మేడమ్ ఆమె మోచేతుల వైపు చూసింది. తర్వాత కళ్ళజోడు బల్ల వైపు చూసింది. అతనూ మోచేతులు ఆనించే కూర్చున్నాడు.

"ఆ పద్ధతి బాగుందని గదంతటికీ నియమం పెట్టాను నేను," అంది మేడమ్ నెమ్మదిగా. "అది ఇందుకా?"

"అవునండి. ఇంకోమాట. ఈ పెట్టెలో ఉన్నది ఒక బాన కాదు," అని తెల్లటి పొర సంగతి మొదలుపెట్టింది అత్తిపత్తి. మొదలుపెట్టాక ఆమెని ఆపడం ఎవరివల్లా కాలేదు. డైరెక్టరు కుర్చీ లాక్కుని బల్ల దగ్గరికొచ్చాడు. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ చిన్న ముక్కని తిప్పి తిప్పి చూశారు, మోచేతులు బల్లకి ఆనించి.

అంతా చెప్పి ఆమె బయటికొచ్చేసరికి వరండాలో నాన్న నిలబడి ఉన్నాడు. బెల్టు మడిచి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"పడ్డావా?"

"బల్ల మీదికి వాలాను. దెబ్బ లేదు."

"వాళ్ళకి తెలిసిపోయిందా?"

"నేనే చెప్పాను నాన్నా."

ఆయన తల పంకించాడు. "మరి మొహం ఇలా వెలిగిపోతోందేం?" అన్నాడు. ఏడాదిలో ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే అయ్యుంటుంది.

"ఉద్యోగం వస్తుందో రాదో తెలీదు. కానీ నాన్నా, ఆ గదిలో ఇన్నాళ్ళకి సంతోషపడ్డాను. అణుచుకోకుండా పడ్డాను. అందరి ముందూ."

తలుపు తెరుచుకుంది. మేడమ్ బయటికొచ్చింది. ఒట్టి చేతులతో రాలేదు. కుర్చీ పట్టుకొచ్చింది.

"ముందు కూర్చో," అంది.

అత్తిపత్తి ఇంట్లో కుర్చీ అంటే మంచి వార్త. కానీ ఇది వాళ్ళిల్లు కాదు. జబ్బు పేరు మొదటిసారి చెప్పిన రోజు ఆ డాక్టరు కూడా ఇలాగే, ముందు కూర్చోమన్నాడు.

"వద్దండి. నిలబడే వింటాను."

మేడమ్ ఇబ్బందిగా నాన్న వైపు చూసింది. నాన్న కుర్చీ వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఒంటిచేత్తో కుర్చీ తీసి గోడ పక్కన పెట్టాడు. బెల్టు దాని మీద పడేశాడు. వచ్చి ఆమె వెనకాల నిలబడి, రెండు చేతులూ కాస్త చాపి ఉంచాడు.

"చెప్పండి మేడమ్," అన్నాడు. "వెనక నేనున్నాను."

మేడమ్ చెప్పింది. మొదటి మాటకే అత్తిపత్తి మోకాళ్ళు మడుచుకుపోయాయి.

ఏడుపు వార్తకి ఆమె ఎప్పుడూ పడలేదు. నాన్నకి ఆ సంగతి తెలుసు. అందుకే కూతుర్ని రెండు చేతుల్లో పట్టుకుంటూ ఆయన ముందు నవ్వాడు, తర్వాత ఏడ్చాడు. చొక్కా కింద ఆయన గుండె కొట్టుకోవడం ఆమె చెవికి వినిపిస్తోంది. నిలబడి వింది. ఒక్క మాటే అయినా నిలబడే వింది.

"కానీ ఒకటుంది," మేడమ్ గొంతు పైనుంచి వస్తోంది. "ఉద్యోగం ఇక్కడ కాదు. కొండ దగ్గర రెండో మ్యూజియం తెరుస్తున్నాం. ఆ బాన దొరికింది అక్కడే. అక్కడే గది తీసుకుని ఉండాలి, ఒంటరిగా. డైరెక్టరుగారు బయల్దేరుతున్నారు, జవాబు ఇప్పుడే కావాలి. ఈమె జబ్బు సంగతి విన్నాక ఇంట్లోవాళ్ళ మాట కూడా వినాలంటున్నారు. మీరు పంపుతారా?"

వెళ్తాను, అంది అత్తిపత్తి. లోపల అంది. నాలుక కదల్లేదు. వెళ్తాను, వెళ్తాను. గురువారం తను నిద్రలో ఉండగా అమ్మ ఫోనెత్తింది. ఇప్పుడు తను మేలుకునే ఉంది, అన్నీ వింటోంది, జవాబు మళ్ళీ ఇంకొకరి నోట్లో ఉంది. ఒక్క నిమిషం ఆగు నాన్నా. ఎప్పుడూ ఏమీ మాట్లాడవుగా, ఇప్పుడూ మాట్లాడకు.

ఆమె చెవి కింద నాన్న ఛాతీ పైకి లేచింది. ఆయన ఊపిరి పీల్చుకుని, నోరు విప్పాడు.